ఫ్నూ గారి పడవ

పోయిన వారం తల్లీకూతుళ్ళిద్దరినీ నీళ్ళ మీద వదిలేసి వచ్చాం. అమెరికాలో నోవైకి అరగంట దూరంలో, లిటిల్ హెరాన్ లేక్ ఒడ్డునున్న వాళ్ళింటి నుంచి నీళ్ళలోకి వేసిన చెక్క డాక్ చివర, ఎవరిదో తెలియని ఆకుపచ్చ పడవ నాలుగోసారి కట్టి కనిపించింది. మొదటిసారి తల్లి జ్ఞానప్రసూన తాడు విప్పి దాన్ని తోసేసింది. రెండోసారి ఊరి వ్యవహారాలు చూసే టౌన్‌షిప్ ఆఫీసుకి ఫోన్ చేసింది. మూడోసారి ఆఫీసు మనుషులే వచ్చి లాక్కెళ్ళి, పడవలు నీళ్ళలోకి దించే పబ్లిక్ ర్యాంప్ దగ్గర గొలుసు వేసి తాళం పెట్టారు. అయినా పోయిన వారం ఒక పొద్దున చూసేసరికి గొలుసూ లేదు, తాళమూ లేదు. పడవ మాత్రం బుద్ధిగా వచ్చి, మూతి ఇంటివైపు పెట్టి, అదే చోట నిలబడి ఉంది. తెల్లవార్లూ మంచు పడి డాక్ పలకలన్నీ తడిసినా, పడవలో కూర్చునే బల్ల మాత్రం పొడిగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. కూతురు రిషిత గిన్నెలు తోమే పీచు తెచ్చి పడవ వెనక పట్టిన నాచంతా గీకితే కింద టౌన్‌షిప్ స్టిక్కరొకటి బయటపడింది. దాని మీద నంబరు నాలుగు వందల పదిహేడు. అక్కడ ఆగాం.

ఇవాళ శుక్రవారం. పొద్దున్న పదకొండింటికి ఇద్దరూ టౌన్‌షిప్ ఆఫీసులో, కౌంటర్ ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఉన్నారు. తల్లి ఒళ్ళో నోటీసు. కూతురి చేతిలో ఫోను, ఫోనులో స్టిక్కర్ ఫోటో.

ఇక్కడ రూల్సు గురించి నాలుగు ముక్కలు చెప్పాలి. విసుక్కోకండి, ఆవిడ ప్రాణం వాటి మీదే ఉంది. ఆ లేక్ మీద కొత్తగా ఎవరు డాక్ వేసుకున్నా ముప్పై అడుగులకి మించకూడదు. పాతకాలంలో వేసినవి ఎంత పొడుగున్నా అలాగే ఉండనిస్తారు. కానీ ఒక్క వేసవి నీళ్ళలోంచి తీసేశారా, మళ్ళీ వేయనివ్వరు. డాక్‌కి కట్టే పడవ ఆ ఇంటివాళ్ళదే అయి ఉండాలి, దాని పేపర్లు ఏటేటా రెన్యూ చేయించాలి. పరాయివాళ్ళ పడవ కనిపిస్తే నోటీసు. నోటీసుకి జవాబు లేకపోతే డాక్ పీకేస్తారు.

జ్ఞానప్రసూన వాళ్ళ డాక్ పాతది, అరవై అడుగులు. ముప్పై అడుగుల దగ్గర మోకాలి లోతు బురద, నాచు, బాతుల రెట్టలు. అరవయ్యో అడుగు దగ్గర మాత్రం నీళ్ళు లోతుగా, చల్లగా, కిందికి చూస్తే కళ్ళు తిరిగేలా ఉంటాయి. పోయిన జూన్‌లో ఆ అరవయ్యో అడుగు దగ్గర మోకాళ్ళ మీద కూర్చునే ఆవిడ భర్త రవికుమార్ అస్థికలు నీళ్ళలో కలిపింది. ఆఫీసు పార్కింగ్‌లో, కారు దిగుతూ దిగుతూ పోయాడు మనిషి. గోదావరిలో కలపాలని ఆవిడకి లేక కాదు. వెళ్తే వీసా స్టాంపింగ్‌కి అపాయింట్‌మెంట్ ఎప్పుడు దొరుకుతుందో, తిరిగి ఎప్పుడు రానిస్తారో ఎవరూ చెప్పలేదు. పదహారేళ్ళ పిల్లని ఎవరింట్లో వదిలి వెళ్తుంది? ఇదే నా గోదావరి అనుకుని, ఎవర్నీ పర్మిషన్ అడక్కుండా, నోరు మూసుకుని ఆ పని చేసింది. ఇంకో పదకొండు రోజుల్లో ఏడాది తిథి. తర్పణం వదలాల్సింది అక్కడే. డాక్ సగానికి తెగితే ఆయన ఉన్న చోటికి ఇక ఈ జన్మలో ఆవిడ చెయ్యి అందదు.

"అమ్మా, నువ్వు లాస్ట్ వీక్ ఆ పేపర్ ఎందుకు సైన్ చేసావ్?" అని గొణిగింది రిషిత. "ఫస్ట్ ఎవరైనా లాయర్‌తో టాక్ చేయాలి కదా."

"మనది కానిదాన్ని మనది కాదని చెప్పడానికి లాయరెందుకే? నిజం చెప్పడానిక్కూడా అవర్‌కింత ఇచ్చుకోవాలా?"

"అమ్మా, స్లో. అందరూ చూస్తున్నారు."

"చూడనీ. అర్థమై చచ్చిందా ఇక్కడెవరికైనా!"

అర్థమయ్యేవాళ్ళు నిజంగానే ఎవరూ లేరు. కానీ ఆవిడ ఎంత దబాయించినా ఒళ్ళోని నోటీసుని మాత్రం మడతపెడుతూ, విప్పుతూనే ఉంది. పోయిన వారం ఇదే కౌంటర్ దగ్గర, "ఈ పడవ మాది కాదు, దీనితో మాకే సంబంధమూ లేదు" అని రాసి సంతకం పెట్టి వెళ్ళింది. ఆ కాగితం ఇచ్చిన మర్నాడే పడవ మళ్ళీ వచ్చింది. అలిగినవాణ్ణి బతిమాలకపోతే తనే తిరిగొచ్చినట్టు వచ్చింది అనిపించి, ఆ రోజంతా ఆవిడ కిటికీ తెర తీయలేదు.

డాకులూ పడవలూ చూసే ఆఫీసరమ్మ పేరు మిసెస్ కొవాల్‌స్కీ. అరవై దాటిన మనిషి, మెళ్ళో పూసల గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. పరమ మర్యాదస్తురాలు, కానీ రూలు రూలే. ఆవిడ మాట్లాడింది ఇంగ్లీషే, మన సౌకర్యం కోసం తెలుగులో చెప్పుకుందాం.

"మిసెస్ ముక్కామలా, ఇవాళ నాలుగింటికల్లా ఇది తేలాలి. తేలకపోతే సోమవారం మనుషులు వచ్చి డాక్ తీసేస్తారు. నాకిది ఇష్టమైన పని కాదు."

"ఆ పడవ మాది కాదని రాసిచ్చాను కదండీ."

"అదే కదా సమస్య. మీది కాని పడవ నాలుగుసార్లు మీ డాక్‌కే ఎందుకు కట్టి ఉంది? మీరు బయటివాళ్ళకి చోటు ఇస్తున్నారని మీ పక్కింటాయన కంప్లైంట్." ఆవిడ కళ్ళద్దాలు సరిచేసుకుంది. "అయినా అడుగుతున్నానని ఏమీ అనుకోకండి, అంత పొడుగు డాక్ మీద మీకంత పట్టెందుకు? ముప్పై అడుగులది కొత్తది హాయిగా వేసుకోవచ్చు. ఆ చివర ఏముంది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు జ్ఞానప్రసూన ఉలిక్కిపడింది. "ఏమీ లేదు. గాలి బాగుంటుంది," అంది. ఆ మాట అన్నందుకు తన మీద తనకే రోత పుట్టింది. రవికుమార్‌ని పట్టుకుని ఏమీ లేదు అనేసినట్టయింది.

రిషిత ఇక ఆగలేక ఫోను కౌంటర్ మీద పెట్టింది. కొవాల్‌స్కీ గారు ఫోటో పెద్దది చేసి చూసి, కంప్యూటర్‌లో నంబరు కొట్టి, పెదవి విరిచి, లోపలి గదిలోకి వెళ్ళింది. ఇనప సొరుగులు లాగిన చప్పుడు, మూసిన చప్పుడు. గోడకున్న లేక్ మ్యాప్ మీద ప్రతి డాక్‌కీ ఓ చిన్న నల్ల గీత గీసి ఉంది. అన్నిటికంటే పొడుగు గీత వాళ్ళదే. తల్లి ఆ గీతకేసి అదేపనిగా చూస్తూ కూర్చుంది.

కొవాల్‌స్కీ గారు ఒక పల్చటి ఫైలుతో తిరిగొచ్చింది. ముఖంలో మర్యాద కాస్త తగ్గింది.

"నాలుగు వందల పదిహేడు. లాట్ నంబర్ పందొమ్మిది. అంటే మీ ఇల్లే. ఈ పడవ మీ అడ్రస్ మీదే రిజిస్టరై ఉంది, మిసెస్ ముక్కామలా. నాకిక్కడ అర్థం కానిదొకటే. మిస్టర్ ఫ్నూ ఎవరు?"

"ఎవరు?"

"ఫ్నూ. ఎఫ్, ఎన్, యు. ఓనర్ పేరు ఇలాగే ఉంది. మిస్టర్ ఫ్నూ మీ ఇంట్లో అద్దెకుంటున్నారా? ఉంటే ముందే చెప్పాల్సింది."

జ్ఞానప్రసూన ఒక్క క్షణం ఆవిడకేసి చూసి, ఫక్కుమని నవ్వేసింది. పదకొండు నెలల తర్వాత నవ్విన నవ్వు. గొంతు అలవాటు తప్పి మధ్యలో దగ్గొచ్చింది.

ఈ ఫ్నూ గారి సంగతి మనవాళ్ళకి చెప్పక్కర్లేదు, అయినా తెలియనివాళ్ళ కోసం చెబుతాను. పెళ్ళికి ముందు ఆవిడకి పాస్‌పోర్టు తీసినప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేశారు. జ్ఞానప్రసూన, అంతే. అమెరికా వాళ్ళకి రెండు గడులూ నిండాలి. ఉన్న ఒక్క పేరునీ ఇంటిపేరు గడిలోకి తోసేసి, అసలు పేరు గడిలో ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అని పొడి అక్షరాల్లో కొట్టారు. ఎఫ్.ఎన్.యు. పేరు తెలియదు అని. అదే ఆవిడ పేరైపోయింది. పదిహేడేళ్ళపాటు డాక్టరు దగ్గర నర్సులు ఫ్నూ అని కేకేశారు, కాఫీ కప్పుల మీద ఫ్నూ అని రాశారు, రిషిత టీచరు డియర్ మిసెస్ ఫ్నూ అని ఉత్తరాలు పంపింది. పోయిన జనవరిలో పాస్‌పోర్టు కొత్తది చేయించి, ముక్కామల అని ఇంటిపేరు చేర్పించుకునేసరికి పీడా విరగడైంది.

"ఫ్నూ అంటే మనిషి కాదండీ," అని చెప్పబోయింది. "అది నా..."

అది తనైతే, పడవ తనది.

కొవాల్‌స్కీ గారు ఫైల్లో మొదటి కాగితం ఇటు తిప్పింది. లాస్ట్ నేమ్, జ్ఞానప్రసూన. ఫస్ట్ నేమ్, ఫ్నూ. పన్నెండడుగుల అల్యూమినియం పడవ, రంగు ఆకుపచ్చ. వెనకాల ఆవిడ పాత డ్రైవింగ్ లైసెన్స్ కాపీ పిన్ను చేసి ఉంది. దరఖాస్తు తెచ్చి ఇచ్చినవారు, భర్త. తేదీ పోయిన ఏడాది మే ఇరవై. ఆయన పోయింది జూన్ ఐదున. జూన్ పద్నాలుగు వాళ్ళ ఇరవయ్యో పెళ్ళిరోజు.

"ఓ మై గాడ్," అంది రిషిత చిన్నగా. "అమ్మా, నాన్న నాకు చెప్పాడు. ఏదో సర్‌ప్రైజ్ ఉంది, అమ్మకి చెప్పకు అని. నేను ట్రిప్ అనుకున్నా. తర్వాత... తర్వాత నేను మర్చిపోయా అమ్మా. ఐ యామ్ సో సారీ."

జ్ఞానప్రసూన కూతురి తల దగ్గరికి తీసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు. పెళ్ళైన కొత్తలో గోదావరి మీద పడవెక్కినప్పుడు, మనకంటూ ఒక పడవుంటే ఎంత బావుంటుందో అని ఒకే ఒక్కసారి అంది. అదీ మాటవరసకి. ఆ మాట ఇరవయ్యేళ్ళు మనసులో పెట్టుకుని కొన్నాడా పిచ్చి మహానుభావుడు! దాన్నా తను కాలితో తన్ని తోసేసింది? దాన్నా నాది కాదని సంతకం పెట్టింది?

కొవాల్‌స్కీ గారు టిష్యూల పెట్టె ఇటు జరిపి, కాస్త సేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"మరైతే గొడవే లేదు," అంది తర్వాత. "పోయిన వారం పొరపాటున రాశానని ఒక లైను రాసివ్వండి, చాలు. ఇకపోతే రెన్యూవల్. పాత స్టిక్కర్ ఏప్రిల్ నెలాఖరుతో చెల్లిపోయింది. అదృష్టం కొద్దీ మీరు ముందే రెన్యూ చేయించారు."

"నేను చేయించలేదు."

కౌంటర్ కింద రిషిత తల్లి కాలు తొక్కింది. ఆవిడ పట్టించుకోలేదు. "నాకీ పడవున్నట్టే తెలియదు. నేనెలా చేయిస్తాను?"

కొవాల్‌స్కీ గారు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకుంది. గొంతు తగ్గించింది.

"జాగ్రత్తగా వినండి. ఈ ఏడాది ఏప్రిల్ పద్నాలుగున రెన్యూవల్ ఫారం వచ్చింది. ఫీజు కట్టారు, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కటే చిక్కు. ఫారం మీద ఫ్నూ అని ప్రింటై ఉన్న చోట పెన్నుతో కొట్టేసి, పైన సరైన పేరు రాశారు. కానీ మీ భాషలో రాశారు. నాకు చదవడం రాలేదు. కంప్యూటర్‌లో పేరు ఎక్కిస్తే గానీ పడవ మీ లాట్ కింద కనపడదు. ఇదిగో, ఎవరైనా చదివి పెడతారేమోనని ఆరు వారాలుగా నా ట్రేలోనే ఉంది, ఇది ఈ పడవదేనని ఇప్పుడు ఫైలు చూశాకే తట్టింది. ఈలోగా మీకు నోటీసు వెళ్ళిపోయింది. ఆ తప్పు నాది, ఒప్పుకుంటాను. ఇప్పుడు నాకు కావాల్సిందల్లా ఒక్కటే. ఈ కాగితం చూసి, ఇది నా పేరేనని మీరు చెబితే డాక్ ఉంటుంది. కాదంటే రెన్యూవల్ చెల్లదు, డాక్ పోతుంది. ఒకసారే అడుగుతాను."

రెండో కాగితం కౌంటర్ మీదికి జరిపింది.

ఫస్ట్ నేమ్ అన్న గడిలో ఫ్నూ అన్న మూడక్షరాల మీదుగా అడ్డంగా ఒక గీత. ఆ పైన, నీలం సిరాతో, ఐదు తెలుగు అక్షరాలు. తలకట్లు పైకి సాగదీసి, టిక్కు మార్కుల్లా రాసే ఆ రాత ఎవరిదో గుర్తుపట్టడానికి ఆవిడకి రెండోసారి చూడాల్సిన అవసరం లేదు. ఫ్రిజ్ మీద అంటించిన పచారీ లిస్టుల్లో, పుట్టినరోజు కార్డుల్లో, గరాజ్‌లో డబ్బాల మీద ఇరవయ్యేళ్ళు చూసిన రాత. ఒళ్ళు ఝల్లుమంది. అదే క్షణంలో, సిగ్గు విడిచి చెప్పాలంటే, సంతోషంతో గుండె పగిలిపోతుందేమో అనిపించింది కూడా.

"ఏం రాసుంది అమ్మా?" రిషిత మెడ సాచింది. దానికి తెలుగు మాట వచ్చు గానీ ఒక్క అక్షరం చదవడం రాదు, రాయడం అంతకన్నా రాదు. "నీ పేరేనా? చాలా స్మాల్‌గా ఉంది కదా."

అది ఆవిడ పేరు కాదు. ఆవిడ పేరే.

పెళ్ళైన నాలుగో రోజున రవికుమార్ అడిగాడు. "ప్రసూనం అంటే పువ్వే కదా, ఏ పువ్వండీ మీరు?" ఆవిడ నోటికి అప్పుడూ పదునే. "ఏ పువ్వైతే మీకెందుకు, కోసి పూజ చేస్తారా?" అంది. ఆయన అరగంటసేపు నవ్వి, "అయితే కాకరపువ్వే," అన్నాడు. చేదు తీగకి పూసే పసుపు పువ్వూ అదే, దీపావళికి అంటిస్తే చిటపటలాడి వెలుగు చిమ్మేదీ అదే. రెండూ నువ్వే అన్నాడు. అప్పట్నుంచి తలుపు మూసుకున్నాక మాత్రమే ఆ పేరు. తన తల్లి ముందు పిలవలేదు, స్నేహితుల ముందు పిలవలేదు, రిషిత పుట్టాక గుసగుసగా తప్ప అనలేదు. ఫోన్లో మెసేజ్‌గా కూడా ఎన్నడూ రాయలేదు. ఈ ప్రపంచంలో ఆ పేరు తెలిసినవాళ్ళు ఇద్దరు. ఒకరు ఇక్కడ కుర్చీలో కూర్చుని ఉన్నారు. రెండోవారిని ఆవిడ తన రెండు చేతులతో, అరవయ్యో అడుగు దగ్గర, నీళ్ళలో వదిలింది. ఏప్రిల్ పద్నాలుగుకి అప్పటికి పది నెలలు దాటింది.

"మిసెస్ ముక్కామలా? ఒంట్లో బాగానే ఉందా?"

కాదని చెప్పొచ్చు. ఈ రాత నాది కాదు, నేను రాయలేదు అంటే అది నిఖార్సైన నిజం. ఆ నిజం చెప్పిన మూడో రోజున మనుషులొచ్చి పలకలు ఊడదీస్తారు. పదకొండో రోజున తను చేతిలో నువ్వులు పట్టుకుని మోకాలి లోతు బురదలో నిలబడి, అందని నీళ్ళకేసి చూడాలి. అవునంటే అబద్ధమా? ఎవరు రాశారని ఈవిడ అడగలేదు. ఇది నీ పేరేనా అని అడిగింది, అంతే.

భయం అబద్ధం గురించి కాదు. ఆ పేరు ఆవిడ నోటితో ఎప్పుడూ పలకలేదు. తన పేరు తను పిలుచుకునేదేముంది? పలికితే ఎక్కడో ఎవరో విని, పిలిచావా అని తిరిగి చూస్తారేమోనని భయం. చూడకపోతారేమోనని అంతకు రెట్టింపు భయం.

"అవును," అంది. "నా పేరే."

కొవాల్‌స్కీ గారు కంప్యూటర్ వైపు తిరిగి కీబోర్డు మీద వేళ్ళు పెట్టింది. "ఎలా పలకాలి? మెల్లగా చెప్పండి."

రిషిత వింటోంది. వింటే విననీ. పిల్లకి తండ్రి ఇంకొంచెం తెలిస్తే తప్పేముంది?

"కాకరపువ్వు," అంది జ్ఞానప్రసూన. మాట స్పష్టంగానే వచ్చింది.

కొవాల్‌స్కీ గారి ముఖం ఒక్కసారిగా విప్పారింది. "ఆ! అదే, అదే! ఆరు వారాల్నుంచి గుర్తు తెచ్చుకుందామని చస్తున్నాను," అంటూ ఒక్కొక్క అక్షరమే అడిగి అడిగి కొట్టింది. మెషిన్‌లోంచి కొత్త స్టిక్కర్ గరగరమంటూ బయటికొచ్చింది. నోటీసు మీద రద్దు అని స్టాంపు గుద్ది, రెండూ కలిపి కౌంటర్ మీదుగా అందించింది.

"ఇక మీ డాక్ జోలికి ఎవరూ రారు. ఇంటికెళ్ళగానే మీవారితో చెప్పండి, పాపం ఆయన చాలా బెంగపడ్డారు. ఏప్రిల్‌లో ఇదిగో, మీరున్న చోటే నిలబడి, ఆ పేరు నాకు రెండుసార్లు పలికి చూపించారు. నాకే నోరు తిరగలేదు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కొచ్చి ఒకటే అడిగారు. అరవై అడుగులూ ఉంచుతారు కదా, ముప్పైకి కోసేస్తే మా ఆవిడ నా దాకా రాలేదు అని."